ఆరోగ్యవరం నుండి వీడియో కాల్ దాకా: మన పడమటి మండలాలలో ఎడబాటు చరిత్ర

వృద్ధుల ఒంటరితనాన్ని గురించి ఈమధ్య పత్రికలలో తరచుగా చదువుతున్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సామాజిక అనుబంధాల కమిషన్ 2025 జూన్‌లో వెలువరించిన నివేదికలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, దాని మూలంగా ఏటా సుమారు 8,71,000 మరణాలు సంభవిస్తున్నాయనీ అంచనా వేసింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పాఠకులకు ఈ అంకెలు కొత్తవి కావచ్చును గాని విషయం కొత్తది కాదు. రోగిని తనవారి నుండి దూరంగా ఉంచితే మేలు జరుగుతుందా అన్న ప్రశ్న మన నేలమీద నూరేళ్ళ క్రిందటే తలెత్తింది.

మదనపల్లెకు సమీపాన ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగులకై ఒక శానిటోరియం వెలసింది. అనేక క్రైస్తవ మిషన్లు కలసి నెలకొల్పిన ఆ సంస్థను తీర్చిదిద్దినవారు డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పొడి గాలి, మైదానాలకంటె చల్లని వాతావరణం ఈ చోటును ఎన్నుకోవడానికి కారణాలు. స్ట్రెప్టోమైసిన్ ఇంకా పుట్టని కాలమది. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం, కొందరికి ఊపిరితిత్తిని గాలితో అణచే చికిత్స, ఇంతే వైద్యుని చేతిలో ఉన్నవి. దక్షిణ దేశపు నలుమూలల నుండి వచ్చిన రోగులు నెలల తరబడి, ఒక్కొక్కరు ఏళ్ళ తరబడి అక్కడ ఉండవలసి వచ్చేది. ఇంటితో వారికి మిగిలిన సంబంధం ఉత్తరం ఒక్కటే. రాయగలిగినవారు రాసుకునేవారు, రాయలేనివారు పక్క మంచంవారిని బతిమాలేవారు.

ఆ ఎడబాటు అవసరమేనా? దీనికి జవాబు మద్రాసులో దొరికింది. 1956లో అక్కడ ప్రారంభమైన క్షయ కీమోథెరపీ కేంద్రం రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి శానిటోరియంలోను, రెండవ వర్గానికి వారి ఇరుకు ఇళ్ళలోనే ఉంచి ఏడాదిపాటు మందులు ఇచ్చింది. ఇంట ఉన్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా 1959లో ప్రచురితమైన ఫలితాలలో ఇంటి చికిత్స శానిటోరియం చికిత్సకు ఇంచుమించు సమానంగా నిలిచింది. ఇంటివారికి వ్యాధి సోకే ప్రమాదం కూడ అందువల్ల అధికం కాలేదు. ప్రపంచమంతటా శానిటోరియంల తలుపులు మూతపడడానికి ఈ పరిశోధన ఒక ముఖ్య కారణం. వైద్యశాస్త్రం మనిషిని తిరిగి ఇంటికి పంపిన సందర్భాలలో ఇంతటి గొప్పది మరొకటి లేదని నా అభిప్రాయం.

చిత్రమేమంటే, రోగి ఇంటికి వచ్చిన కొద్ది దశాబ్దాలకే ఇంటిలోని ఆరోగ్యవంతులు బయలుదేరి వెళ్ళిపోవడం మొదలైంది. వానలు నమ్మలేని మెట్ట నేల మనది. టమోటా పంట ఒక ఏడు బంగారం, మరొక ఏడు రోడ్డుపాలు. మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల నుండి కొందరు బెంగళూరు చేరారు, కొందరు కువైట్‌కు వెళ్ళారు. కువైట్ వెళ్ళినవారిలో ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు ఎందరో. కుప్పం నుండి తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరులో కూలి చేసుకొని రాత్రికి తిరిగి వచ్చేవారు నేటికీ ఉన్నారు. తరువాతి తరం ఇంజనీరింగు చదివి అమెరికా దారి పట్టింది. ఊరిలో మిగిలినవారు అవ్వలు, తాతలు.

వారికీ బిడ్డలకూ నడుమ వార్తను మోసిన సాధనాలను ఒక్కసారి తలచుకోండి. మొదట కార్డు ముక్క. దానిని తెచ్చిన పోస్టుమ్యానే చదివి వినిపించేవాడు, జవాబూ ఆయనే రాసేవాడు, ఆ ఇంటి గుట్టంతా ఆయనకు తెలిసి ఉండేది. తంతి వచ్చిందంటే విప్పకముందే ఏడుపులు వినిపించేవి. ఆ తంతి సేవ 2013 జూలైలో దేశమంతటా నిలిచిపోయింది. గల్ఫ్ నుండి కొందరు తమ మాటలను టేపు రికార్డరులో నింపి, ఊరికి వచ్చే వారి చేత క్యాసెట్ పంపేవారు. ఎదురు ప్రశ్నకు తావు లేకపోయినా గొంతు వినబడేది. తరువాత ఎస్‌టీడీ బూత్‌లు వచ్చాయి. పసుపు రంగు బోర్డు, గాజు తలుపు, ఎర్రటి అంకెలతో పరుగెత్తే మీటరు. ఫలానా వేళకు మీ అబ్బాయి చేస్తాడని బూత్ యజమాని కబురు పంపితే అవ్వ అరగంట ముందే వచ్చి బెంచీ మీద కూర్చునేది.

పోస్టుమ్యాన్, బూత్ యజమాని, క్యాసెట్ తెచ్చిన ఊరివాడు. ప్రతి సాధనానికీ నడుమ ఒక మనిషి ఉన్నాడు. ఈ సంగతిని మీరు గుర్తుంచుకోవాలి.

దూరాన ఉన్న మనిషి ముఖాన్ని తెరమీద చూపడం అమెరికాలో చాలా కాలం క్రిందటే సాధ్యమైంది. బెల్ సంస్థ 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ‘పిక్చర్‌ఫోన్’ను ప్రవేశపెట్టింది. వెల ఎక్కువ, అవతల మరొకరి దగ్గర అదే పరికరం ఉండాలి, ముఖం చూపించుకోవడం చాలామందికి ఇష్టం లేదు. అది నిలవలేదు. మన జిల్లాలో ఆ విద్య వైద్యం చేయి పట్టుకొని వచ్చింది. తవణంపల్లె మండలంలోని అరగొండలో అపోలో సంస్థ ఉపగ్రహ అనుసంధానంతో దూరవైద్య కేంద్రాన్ని నెలకొల్పగా, 2000 మార్చిలో హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దానిని ప్రారంభించాడు. గ్రామంలోని రోగి ప్రక్కన స్థానిక వైద్యుడు, తెరమీద నగరంలోని నిపుణుడు. రోగి నాడి పట్టేది, కడుపు తాకి చూసేది మాత్రం ప్రక్కనున్న వ్యక్తే.

రెండేళ్ళకు కుప్పం వంతు వచ్చింది. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలసి 2002లో ‘ఐ కమ్యూనిటీ’ పేరుతో మూడేళ్ళ పథకాన్ని అక్కడ ఆరంభించింది. సమాచార కేంద్రాలు తెరిచారు, కంప్యూటర్లతో ఒక వాహనం పల్లెలు తిరిగింది. కొందరు పొదుపు సంఘాల స్త్రీలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, దానిని నడిపే సౌర విద్యుత్ పలక ఇచ్చారు. గుర్తింపు కార్డులకు, వేడుకలకు ఫోటోలు తీసి అక్కడికక్కడే చేతికిచ్చి వారు నాలుగు డబ్బులు సంపాదించారు. గడువు ముగిసి సంస్థ వెనుదిరిగాక ఆ ఆర్భాటమంతా చల్లబడింది. యంత్రాల కొరత వల్ల ఇది జరిగిందని నేననుకోను. ఇల్లిల్లూ తిరిగే మనిషికి జీతమెవరిస్తారన్న ప్రశ్నకు ఎవరూ స్థిరమైన సమాధానం వెతకలేదు. నాకు ఆ పథకంలో నచ్చిన భాగం కెమెరా భుజాన వేసుకొని గడప గడపకూ వెళ్ళిన ఆ స్త్రీలే.

అటుపిమ్మట కథ వేగంగా నడిచింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌకైంది, నవంబరులో వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన రోజునే కేంద్రం దూరవైద్య మార్గదర్శకాలను ప్రకటించింది. ఏప్రిల్‌లో ఈ సంజీవని ద్వారా ఇంటి నుండే వైద్యుని సంప్రదించే వీలు కలిగింది. కడచూపును సైతం ఫోను తెరమీదనే చూసుకున్న కుటుంబాలు ఆ రోజులలో ఎన్నో.

ఇంతకూ వీడియో కాల్ వృద్ధుల ఒంటరితనాన్ని తగ్గిస్తుందా? కోక్రేన్ సంస్థ 2020లో అప్పటివరకు జరిగిన ప్రయోగాలను జల్లెడ పట్టగా దొరికినవి మూడే. మూడూ తైవాన్ వృద్ధాశ్రమాలలో జరిగినవి, పాల్గొన్నవారు మొత్తం 201 మంది. ఆ ఆధారంతో ఏదీ గట్టిగా చెప్పలేమని వారు తేల్చారు. అంతకుముందు ఏడాది అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో స్కైప్ వంటివి వాడే వృద్ధులలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా కనిపించాయి. అయితే వాడగలిగిన వారు మొదటి నుండీ ఉత్సాహవంతులై ఉండవచ్చును గదా! కనుక ఇది మందు అని నేను చెప్పను. సంబంధం ఉన్నచోట దానిని ఎండిపోకుండా కాపాడుతుందని మాత్రం చెప్పగలను. సంబంధమే లేనిచోట తెర ఏమి చేస్తుంది?

మీ ఇంటి పెద్దలు ఫోను పట్టుకోవడం లేదంటే మొండితనమని కోపగించకండి. వయసుతో వేళ్ళ చర్మం పొడిబారి తాకుతెర ఆ స్పర్శను గుర్తించదు. కొద్దిగా తేమ చేస్తే పని చేస్తుంది. చెయ్యి వణికేవారికి ఫోను నిలబెట్టే స్టాండు కొనండి. చెవుడు ఉన్నవారికి మామూలు ఫోనుకంటె వీడియో మేలు, ఎందుకంటే పెదవుల కదలిక కూడ అర్థాన్ని అందిస్తుంది. అందుకు మీ ముఖం మీద వెలుతురు పడాలి, కిటికీకి వీపు పెట్టి కూర్చోకూడదు. మతిమరుపు వ్యాధి ఉన్నవారు తెరలోని మనుమడిని చూసి బెదరవచ్చు. అప్పుడు ప్రక్కన ఎవరైనా కూర్చొని పేరు చెబుతూ ఉండాలి. తెలియని నంబరు నుండి పోలీసు దుస్తులలో వీడియోలో కనిపించి ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించేవారి చేతిలో పెద్దలు జీవితకాలపు పొదుపు పోగొట్టుకుంటున్నారు. చట్టంలో అటువంటి అరెస్టు లేదు. డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

ఆ ప్రక్కన కూర్చునే మనిషి ఎవరన్నదే నేడు మన ఊళ్ళలో మిగిలిన చిక్కు. ఎదురింటి ఇంటర్ చదివే పిల్ల కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు. కువైట్‌లో మీ అమ్మాయి ఉంటే వేళ ముందే స్థిరపరచుకోండి. అక్కడి గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనుక. పని ముగించుకొని ఆమె రాత్రి 9కి ఫోను చేస్తే ఇక్కడ 11:30, అవ్వ నిద్రలో ఉంటుంది. అక్కడి వారపు సెలవు శుక్రవారం. ఇంటిపని చేసేవారికి ఆ రోజు కూడ తీరిక దొరకడం యజమాని దయ. దొరికితే అక్కడి ఉదయం 8 గంటలకు చేయమనండి, ఇక్కడ 10:30 అవుతుంది. అప్పటికి అవ్వ స్నానం, పలహారం ముగించి, కళ్ళజోడు పెట్టుకొని సిద్ధంగా ఉంటుంది.