ఇంటిపేరు మారినా పట్టు మారలేదు

పెళ్ళయితే ఆడదానికి ఇంటిపేరు మారుతుంది. పాత పేరుతో తెచ్చుకున్న ప్రైజులూ, సర్టిఫికెట్లూ ట్రంకుపెట్టె అడుగుకి చేరతాయి. కొత్త పేరుకి మళ్ళీ మొదటినుంచీ గుర్తింపు తెచ్చుకోవాలి. ఇది మన గొడవే అనుకునేదాన్ని, జపాన్ జూడో వీరనారి ర్యోకో కథ తెలిసేదాకా!

ర్యోకో తమురా 1975లో ఫుకువోకాలో పుట్టింది. ఎత్తు 146 సెంటీమీటర్లు. అటకమీది డబ్బా అందుకోవాలంటే పీట వేసుకోవలసిందే! కానీ ఎదుటి మనిషిని వీపుమీదుగా ఎత్తి వెల్లకిలా పడెయ్యడంలో దిట్ట. పోటీపడింది 48 కిలోల తరగతిలో.

మగవాళ్ళ జూడో 1964లోనే ఒలింపిక్స్‌లో చేరింది. ఆడవాళ్ళకి పతకాల పోటీ 1992 బార్సిలోనాలోగాని పెట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత తెరుచుకున్న ఆ తలుపులోంచి పదహారేళ్ళ ర్యోకో వెళ్ళి, వెండి పతకంతో వచ్చింది. 1993లో ప్రపంచ విజేత అయింది. వరసగా 84 పోటీలు గెలిచి, 1996 అట్లాంటా ఫైనల్లో ఉత్తర కొరియా పిల్ల క్యే సున్‌హుయి చేతిలో ఓడిపోయింది. ఆ పిల్లకీ పదహారేళ్ళే! కాలం ఎంత చిత్రమైనదో చూడండి.

2000లో సిడ్నీలో బంగారం దక్కింది. 2003 చివర బేస్‌బాల్ ఆటగాడు యోషితొమో తానిని పెళ్ళాడింది. “తమురాగా బంగారం తెచ్చాను, తానిగానూ తెస్తాను” అంది. 2004 ఏథెన్స్‌లో తెచ్చింది కూడా. 2005 చివర కొడుకు పుట్టాడు. ఈసారి “అమ్మగానూ బంగారమే” అంది.

అది అంత తేలిక కాలేదు. 2007లోనూ, 2008లోనూ స్వదేశపు పోటీల ఫైనల్లో ఓడిపోయింది. అయినా ఆవిణ్ణే పంపిస్తున్నారని విమర్శలొచ్చాయి. బీజింగ్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్లో ఓడి, చివరికి కంచు పతకంతో సరిపెట్టుకుంది. మాట నిలుపుకోలేదన్నమాటేగా అనొచ్చు మీరు.

కానీ మధ్యలో 2007 రియో ఉందండీ! రెండేళ్ళన్నా నిండని బిడ్డ తల్లి అక్కడ ఏడోసారి ప్రపంచ విజేత అయింది. అమ్మగా బంగారం అప్పుడే వచ్చేసింది.

అన్నట్టు, ఏథెన్స్‌లో కంచు పతకం గెలిచిన జపాన్ బేస్‌బాల్ జట్టులో ఆవిడ భర్త కూడా ఉన్నాడు. “పెళ్ళయ్యాక కూడా ఆడగలవా నాయనా?” అని ఆయన్ని ఎవరైనా అడిగి ఉంటారంటారా?