పాషండుల నుంచి అసంతృప్తుల దాకా

ఫిబ్రవరి 2 ప్రకాశం జిల్లా పుట్టినరోజు. 1970లో కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను విడదీసి, గుంటూరు, నెల్లూరు జిల్లాల తాలూకాలతో కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. సైమన్ కమిషన్ రోజుల్లో తుపాకీకి రొమ్ము చూపిన పంతులుగారిని ఏటా తలుచుకుంటాం. 1951లో కాంగ్రెస్‌ను కాదని బయటికి నడిచిన పంతులుగారి ఊసు మాత్రం పెద్దగా రాదు. మనతో ఏకీభవించనివాణ్ణి ఏమని పిలవాలన్నది ఈ నేలమీద ఆయనకంటే చాలా పాత తగువు. భేదాభిప్రాయం ఒక్కటే ఏ పేరునూ తిట్టుగా మార్చదని, వాదం వెనక మాన్యమో పదవో పణంగా ఉన్నప్పుడే పేరు చెడుతుందని నా వాదన.

మార్కాపురం ఒకప్పుడు ఏ జిల్లాలో ఉండేదో ఆ కర్నూలు జిల్లాలోనే ఎర్రగుడి ఉంది. అక్కడి బండలమీద అశోకుడు చెక్కించిన శాసనాల్లో ‘పాషండ’ శబ్దానికి ఏదో ఒక మతశాఖ అనే అర్థం. ఎవరి పాషండాన్ని వాళ్లు పొగుడుకుంటూ పక్కవాళ్లదాన్ని తెగడవద్దని ఆ రాజు హితవు. తర్వాత్తర్వాత అదే మాట వేదబాహ్యుడు, నాస్తికుడు, చివరికి దుర్మార్గుడు అయింది. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం కట్టినవాళ్లు ఎప్పుడు ఎందుకు తరలిపోయారో చెప్పే రాత లేదు గనక, వెయ్యేళ్లు దాటేసి శైవాచార్యుడు పండితారాధ్యుడి దగ్గర ఆగుదాం.

శ్రీశైలానికి తూర్పు వాకిలి అనిపించుకున్న త్రిపురాంతకం 1970లో ఏర్పడ్డ మన జిల్లా పడమటి భాగంలోనిదే. కాకతీయుల నాటికి అక్కడ గోళకీ అనే శైవ మఠం వేళ్లూనుకుంది. గుడికీ మఠానికీ రాసిచ్చిన భూముల లెక్కలు శాసనాల్లో కనిపిస్తాయి. ఆ శైవలోకపు కథను పాల్కురికి సోమన ‘పండితారాధ్య చరిత్ర’గా రాశాడు. అందులో ఒక ప్రకరణం పేరే వాదం, చివరిది శ్రీశైలాన్ని కీర్తించే పర్వతం. లింగధారణ లేనివాడు సోమనకు ‘భవి’, అంటే సంసారంలో పడి కొట్టుకునేవాడు. వెలనాటి చోడుడి కొలువులో పండితారాధ్యుడు బౌద్ధాచార్యుణ్ణి వాదంలో ఓడించాడట. అంతటితో పోలేదు, శిష్యులు ఆ ఆచార్యుణ్ణి చంపారు. రాజు పండితారాధ్యుడి కళ్లు తీయించాడు. శివుడు మళ్లీ చూపిచ్చాడు. చంపిన సంగతి సోమన దాచలేదు, దాచాల్సిన పనిగా ఆయనకు తోచినట్టూ లేదు. 1512 నాటి శ్రీశైల శాసనంలోనూ ఒక వీరశైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరికానని బిరుదులా చెప్పుకున్నాడు. సోమనది భక్తుడి కావ్యం, చరిత్ర కాదు కదా అంటారు. నిజమే, కొలువులో ఏం జరిగిందో తేల్చడానికి అది చాలదు, కానీ ఎవరిని ఏమని పిలిచేవారో తెలియడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. భక్తిని భూముల లెక్కకు దించుతున్నారన్న అభ్యంతరం ఇంకాస్త బరువైనది. సోమన జనం కోసం ద్విపదలో రాసినవాడు, మాన్యాలకు ఆశపడినవాడు కాడు. అయినా ఆయన కథలో కూడా తీర్పరి రాజే, వాదం జరిగింది కొలువులోనే. రాజాదరణ గెలిచినవాడి వెంటే పోతుంది. అంత పణం పెట్టాక ‘భవి’ ఒట్టి వర్ణనగా మిగలదు.

ఇక మన కాలానికి వస్తే ఈ సూత్రం సగమే పారుతుంది. కాంగ్రెస్‌ను వీడిన ప్రకాశమే 1953 అక్టోబరు 1న అదే కాంగ్రెస్ మద్దతుతో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. కమ్యూనిస్టు పూల సుబ్బయ్య పేరును వెలిగొండ ప్రాజెక్టుకు కమ్యూనిస్టులు కాని ప్రభుత్వాలే పెట్టుకున్నాయి. పదవులు పణంగా ఉన్నా ఇక్కడ పేర్లు చెడలేదు. బహుశా జిల్లాకో ప్రాజెక్టుకో పేరు పెట్టే నాటికి పోయినవాళ్లతో పోటీ ఉండదు కాబట్టేమో. బతికున్నవాళ్ల సంగతి వేరు: టికెట్ల వేళ పత్రికల్లో వాళ్లు ‘అసమ్మతి నేతలు’, ‘రెబల్స్’, ఎక్కువసార్లు ‘అసంతృప్తులు’. భవి అన్నప్పుడు ఎదుటివాడికి తప్పో ఒప్పో ఒక విశ్వాసం ఉందని ఒప్పుకున్నట్టే. అసంతృప్తుడికి ఆ గౌరవమూ లేదు, ఆకలి మాత్రమే ఉంది. అందుకే అతనితో ఎవరూ వాదానికి దిగరు. నామినేషన్ల ఉపసంహరణ గడువులోగా బుజ్జగించడానికి పార్టీ పెద్దలు కారెక్కి వస్తారు.