గుర్రాల దగ్గు నుంచి కాళ్ళ వాపు దాకా

మూలికా వైద్యం అనగానే వేల ఏళ్ళ వెనక్కి చూడటం మనకు అలవాటు. కాళ్ళలో సిరలు ఉబ్బి మెలికలు తిరిగే వెరికోస్ వెయిన్స్ బాధకు యూరప్‌లో బాగా పేరుపడ్డ హార్స్ చెస్ట్‌నట్ గింజ ఆ లెక్కకు అందదు. ప్రాచీన రోమన్ వైద్యుడు గాలెన్ కాలపు వైద్యులకు దాని సంగతే తెలియదు. బాల్కన్ కొండల్లో తన మానాన పెరిగిన చెట్టు అది. 16వ శతాబ్దం మధ్యలో కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న ఫ్లెమిష్ వైద్యుడు క్వాకెల్‌బీన్ దాని గురించి ఇటలీ వైద్యుడు మత్తియోలికి రాశాడు: దగ్గే గుర్రాలకు తురుష్కులు ఈ గింజలు పెడతారని. 1576లో గింజలు వియన్నాలో వృక్షశాస్త్రజ్ఞుడు క్లూసియస్ చేతికి చేరాయి. ఆ తర్వాత మూడు వందల ఏళ్ళు ఈ చెట్టు యూరప్ రాచతోటల్లో, నగర వీధుల్లో ప్రధానంగా నీడకూ అందానికీ పెరిగింది. దీని పుట్టిల్లు ఇండియా అని నమ్మినవాళ్ళూ ఉన్నారు!

గింజను చేతిలోకి తీసుకుంటే నున్నగా, ముదురు గోధుమరంగులో మెరుస్తుంది. ఒక పక్కన తెల్లటి గుండ్రని మచ్చ. నలగ్గొట్టి నీళ్ళలో వేస్తే నురగ లేస్తుంది. లేవకేం, ఇది మన కుంకుడు కుటుంబమే. యూరప్‌లో దీంతో బట్టలు ఉతికినవాళ్ళూ ఉన్నారు. నురగనిచ్చే ఆ సాపోనిన్లలోనే మందు గుణం కూడా ఉంది.

సిరల జబ్బు సంగతి వేరే దారిలో తేలింది. సిరల్లో కవాటాలుంటాయని 1603లో ఇటలీలోని పాడువాలో శరీరశాస్త్రవేత్త ఫాబ్రిసియస్ బొమ్మలతో సహా చూపించాడు. అవి పాడైతే రక్తం కిందకు జారి నిలుస్తుంది, కాలు బరువెక్కుతుంది, చీలమండ దగ్గర వాపు వస్తుంది. ఈ రెండు కథలూ కలిసింది చాలా ఆలస్యంగా. 1896లో, మళ్ళీ 1909లో ఫ్రాన్స్‌లో వెలువడిన రచనలు మొలల చికిత్సలో ఈ గింజ పనిచేసిందని చెప్పాయి. మొలలూ ఉబ్బిన సిరలే కదా. 20వ శతాబ్దం మధ్యలో జర్మన్ పరిశోధకులు ఈ గింజలోని సాపోనిన్ల మిశ్రమమైన ఎస్సిన్‌ను అసలు మందుపదార్థంగా గుర్తించారు. సన్నని రక్తనాళాల గోడల నుంచి ద్రవం బయటకు ఊరకుండా అది అడ్డుపడుతుంది.

నా దృష్టిలో అసలు మలుపు ఇక్కడే. పచ్చి గింజ విషం. అందులోని ఎస్క్యులిన్ ప్రమాదకరం. దాన్ని తొలగించి, మోతాదుకు 50 మిల్లీగ్రాముల ఎస్సిన్ ఉండేలా సారాన్ని కట్టుదిట్టం చేశాకే పరీక్షకు నిలబడే మందు తయారైంది. 1996లో లాన్సెట్ పత్రికలో డీమ్ బృందం 240 మందిపై 12 వారాల పరీక్ష ఫలితాలు ప్రచురించింది. కాలి వాపు ఈ సారంతో సగటున 43.8 మిల్లీలీటర్లు, బిగుతు మేజోళ్ళతో 46.7 మిల్లీలీటర్లు తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 9.8 పెరిగింది. 2012 నాటి కాక్రేన్ సమీక్ష 17 పరీక్షలను చూసి, కొద్దికాలం వాడకానికి ఇది మేలేనంది; మరింత గట్టి పరీక్షలు కావాలనీ అడిగింది. వాపు, నొప్పి, దురద తగ్గుతాయి. మెలికపడ్డ సిర తిన్నగా అవుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మనక్కర్లేదు.

మన మందుల షాపుల్లో మొలలకూ కాళ్ళ సిరలకూ తరచుగా చేతికిచ్చేది మాత్రం వేరు. బత్తాయి, నారింజ జాతి తొక్కల్లో దొరికే హెస్పెరిడిన్ నుంచి తయారయ్యే డయోస్మిన్ అది. 1969లో మందుగా బజారుకొచ్చింది.