ఓడ పొట్టకు సొట్ట పడితే

మన మిట్టేమరి వైపు చిత్రావతిలో నీళ్లు పారితేనే పండగ, ఇక్కడ ఓడల మాట ఎందుకు అనుకోవద్దండి. ఓడ పొట్టకు పడిన సొట్టను తీసే విద్య, మన పల్లెల్లో బండిచక్రానికి ఇనుప పట్టా ఎక్కించిన విద్య, మూలంలో రెండూ ఒకటే.

విశాఖపట్నంలో సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్‌గారు శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఆ ఊరిమీద బాంబులు వేశాయి. యుద్ధం ముగిశాక పని సాగి, 1948 మార్చి 14న 8,000 టన్నుల జలఉషను నెహ్రూగారు నీళ్లలోకి దించారు.

పాతకాలంలో ఓడ రేకులను రివెట్లతో కూర్చేవాళ్లు. పెద్ద సొట్ట పడితే రివెట్లు కోసి, రేకు విప్పి, కొలిమిలో కాల్చి, చదును చేసి మళ్లీ బిగించేవాళ్లు. వెల్డింగు వచ్చాక రేకు విప్పే దారి పోయింది. లోపలి ఫ్రేముల మధ్య రేకు గుంటలు పడి, ఓడ కరువునాటి ఎద్దు డొక్కల్లా కనపడుతుంది.

సుత్తితో కొడితే పోదా? సొట్ట అంటే సాగిన ఇనుము. ఊరికే కొడితే ఇంకా సాగుతుంది. అందుకే ఉబ్బిన వైపు వరసగా గీతలు గీసినట్టు మంటతో ఎర్రగా కాలుస్తారు. కాలిన చోటు వ్యాకోచించాలని చూస్తుంది, చుట్టూ చల్లని రేకు కదలనివ్వదు. దాంతో అక్కడ ఇనుము మందమవుతుంది. చల్లారేటప్పుడు ముడుచుకుని చుట్టూ ఉన్న రేకును బిగువుగా లాగుతుంది. కాల్చిన పట్టా మీద నీళ్లు పోస్తే చక్రాన్ని బిగపట్టుకోదా, అదే సూత్రం.

అయితే మడతపడిన, పగిలిన సొట్టను కాల్చి సరిచేయకూడదు. 1943 జనవరి 16న అమెరికాలో షెనెక్టడీ అనే కొత్త ఆయిలు ఓడ, తుపాను లేదు, ఏమీ లేదు, రేవులో కట్టేసి ఉండగానే నడుమ విరిగింది. వెల్డింగు లోపం, చలికి పెళుసయ్యే ఉక్కు అందుకు కారణాలు. ఒకటిగా అతికిన రేకులో పగులు మొదలైతే అడ్డుకునే అతుకు ఉండదు. అందుకే చెడిన భాగాన్ని కోసి కొత్త ముక్క వేస్తారు, దాని మూలలు గుండ్రంగా ఉంచుతారు. కోసుగా ఉంటే పగులు అక్కడే పుడుతుంది.

సొట్టమీద పుట్టీ మెత్తి రంగు వేస్తే కంటికి నున్నగానే ఉంటుంది, కింద పగులు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. సొట్టను కప్పడం వేరు, తీయడం వేరు.

మన సంఘంలో పట్టా ఎక్కించడం కళ్లారా చూసిన పెద్దలు ఉంటే, ఆ పని ఎట్లా చేసేవాళ్లో కింద వివరంగా రాయండి. రబ్బరు టైర్ల బండ్లు వచ్చాక ఆ కొలుములు ఆరిపోతున్నాయి, మన పిల్లలకు ఆ మాటైనా మిగలాలి.