సువర్ణరేఖ (1965 చలనచిత్రం)

సువర్ణరేఖ ఋత్విక్ ఘటక్ దర్శకత్వంలో వచ్చిన బెంగాలీ సినిమా. 1962లో తీశారు, 1965లో విడుదలైంది. రాంచీ దగ్గర పుట్టి జంషెడ్‌పూర్‌ను ఒరుసుకుంటూ బంగాళాఖాతానికి పోయే నది పేరే సినిమాకు పెట్టారు. సీత అనే అమ్మాయి బాల్యం, ప్రేమ, పెళ్లి, వైధవ్యం, మరణం ఇందులోని కథ. ఫిరంగి పేలదు, సైనికుడు కనిపించడు. అయినా రెండో ప్రపంచ యుద్ధం వదిలిపోయిన నేల మీదే ఈ కథంతా నడుస్తుంది.

ఈ ప్రాంతానికి యుద్ధంతో సంబంధం పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో టాటా కర్మాగారం అందించిన ఉక్కుకు గుర్తింపుగా, 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ కర్మాగారం ఉన్న సాక్చీకి జంషెడ్‌జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. రెండో యుద్ధంలో ఇక్కడి ఉక్కుతో ‘టాటానగర్’ అనే సాయుధ వాహనాలు తయారయ్యాయి. 1944 నాటికి జంషెడ్‌పూర్ ఉన్న సింగ్‌భూమ్ జిల్లాలోని చాకులియాలోను, బెంగాల్ వైపు ఖరగ్‌పూర్, దూధ్‌కుండి, పియార్డోబాలలోను అమెరికన్ బి-29 బాంబర్లకు స్థావరాలు ఏర్పడ్డాయి. ఆ విమానాలు హిమాలయాలు దాటి చైనాలోని చెంగ్డూ చేరి, అక్కణ్ణుంచి జూన్ 15 రాత్రి జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారం మీద బాంబులు వేశాయి. 1945లో ఆ దళం పసిఫిక్ దీవులకు తరలిపోయింది. విమానాలు పోయాక రన్‌వేలు పచ్చిక మొలిచి పడి ఉన్నాయి. ఘటక్‌కు కావలసిన దృశ్యం అదే.

కథ 1948లో, గాంధీ హత్య జరిగిన రోజుల్లో, కలకత్తా శివార్లలోని కాందిశీకుల కాలనీలో మొదలవుతుంది. దేశ విభజనతో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన ఈశ్వర్ తన చిట్టి చెల్లెలు సీతతో పాటు, తల్లి నుంచి విడిపోయిన అభిరామ్ అనే పిల్లవాణ్ణి కూడా చేరదీస్తాడు. పాత స్నేహితుడి దయతో నది ఒడ్డున ఉన్న ఛాతింపూర్‌ అనే కల్పిత ఊళ్లో, ఇనుప ఫౌండ్రీలో ఉద్యోగం దొరుకుతుంది. కాలనీని నమ్ముకున్న బడిపంతులు హరప్రసాద్ దృష్టిలో అది తోటివారిని వదిలి పారిపోవడమే.

ఛాతింపూర్‌లో పిల్లలిద్దరికీ ఆటస్థలం పాడుబడ్డ విమానాశ్రయం. కూలిన గోడల మధ్య, తుప్పుపట్టిన విమాన శకలాల మధ్య కేరింతలు కొడుతూ తిరుగుతారు. అభిరామ్ చదువుకు దూరం వెళ్లాక ఒకనాడు సీత ఆ రన్‌వే మీద ఒంటరిగా పాడుకుంటూ నడుస్తుంటే, ఎదురుగా నాలుక చాపి నల్లటి మహాకాళి నిలుస్తుంది. పిల్ల హడలిపోతుంది. తీరా చూస్తే అతను పొట్టకూటికి వేషం కట్టిన బహురూపి, మన పగటివేషగాడి లాంటివాడు. వయసు మళ్లిన ఫౌండ్రీ మేనేజరు సీతను దగ్గరకు తీసి, పేరు అడిగి, జనకుడికి నాగేటి చాలులో దొరికిన సీత కథ చెబుతాడు. భారతీయ సినిమాలో యుద్ధం గురించి ఇంత తక్కువ మాటల్లో ఇంత ఎక్కువ చెప్పిన దృశ్యం మరొకటి కనిపించదు.

పెద్దయ్యాక సీత, అభిరామ్ ప్రేమించుకుంటారు. అభిరామ్‌ను ఇంజనీరింగు చదువుకు జర్మనీ పంపాలని ఈశ్వర్ కోరిక, కుర్రవాడికేమో రచయిత కావాలని. అంతలో రైల్వే స్టేషన్‌లో ప్రాణం విడుస్తున్న ఒక స్త్రీని చూసి, ఆమే తన తల్లి అని అభిరామ్ గుర్తుపడతాడు. ఆమె సమాజం తక్కువగా చూసే బాగ్దీ కులానికి చెందినది. ఆ మాట బయటపడగానే, ఫౌండ్రీలో భాగస్వామ్యం మీద ఆశ పెట్టుకున్న ఈశ్వర్ మనసు మారిపోతుంది. చెల్లెలికి వేరే సంబంధం చూస్తాడు. పెళ్లిరాత్రి సీత అభిరామ్‌తో వెళ్లిపోతుంది. కలకత్తాలో వాళ్లకు బిను పుడతాడు. బస్సు డ్రైవరుగా కుదిరిన అభిరామ్ బండి కింద ఒక బిడ్డ పడితే, జనం అతణ్ణి కొట్టి చంపుతారు. బతుకు తెరువుకు సీత పాటనే అమ్ముకోవలసి వస్తుంది. ఆ పని మొదలుపెట్టిన మొదటి రాత్రే తాగిన మత్తులో, కళ్లజోడు పోగొట్టుకుని ఆమె గది గుమ్మంలోకి గిరాకీగా తూలుతూ వచ్చినవాడు ఈశ్వర్. సీత కత్తిపీటతో ప్రాణం తీసుకుంటుంది. చివరికి మేనల్లుడు బిను చెయ్యి పట్టుకుని ఈశ్వర్ మళ్లీ నదివైపు నడుస్తాడు.

అన్న చెల్లెలి గుమ్మానికే రావడం నమ్మశక్యంగా లేదని విమర్శకులు అన్నారు. అతను ఎవరి గుమ్మం ఎక్కినా ఆమె అతని చెల్లెలే అయ్యేదని ఘటక్ జవాబు. ఆ జవాబు సరైనదే. దేశ విభజనలో కొంప కూలినవాళ్లందరూ ఒక ఇంటివాళ్లేనన్న నమ్మకం సినిమా మొదటి దృశ్యం నుంచీ ఉంది.

సీతగా మాధబి ముఖర్జీ, ఈశ్వర్‌గా అభి భట్టాచార్య, అభిరామ్‌గా సతీంద్ర భట్టాచార్య నటించారు. విడుదల ఆలస్యమవడంతో, మాధబి ఇందులో ముందే నటించినా ప్రేక్షకులు ఆమెను సత్యజిత్ రాయ్ ‘చారులత’ (1964)లో ముందు చూశారు. హరప్రసాద్ వేషం కట్టిన బిజన్ భట్టాచార్య సామాన్య నటుడు కాడు. యుద్ధకాలంలో లక్షలమందిని పొట్టనబెట్టుకున్న 1943 బెంగాల్ కరువు మీద ‘నబాన్న’ నాటకం రాసినవాడు ఆయనే. ఆ కరువును కళ్లారా చూసిన మనిషి ముఖంలో హరప్రసాద్ నిరాశ నటనలా అనిపించదు. సంగీతం సరోద్ విద్వాంసుడు బహదూర్ ఖాన్‌ది. ‘మేఘే ఢాకా తారా’ (1960), ‘కోమల్ గాంధార్’ (1961) తర్వాత విభజన మీద ఘటక్ తీసిన మూడో చిత్రమిది. దీని తర్వాత ‘తితాష్ ఏక్‌టి నదీర్ నామ్’ (1973) వరకు ఆయన మరో కథాచిత్రం పూర్తి చేయలేకపోయాడు. 1976లో, 50 ఏళ్లకే కన్నుమూశాడు.

సైన్యం నేపథ్యంగా తెలుగులో వచ్చిన ‘కంచె’ (2015), ‘సీతారామం’ (2022) చిత్రాల్లోనూ నాయికను సీత అనే పిలుస్తారు. క్రిష్ తీసిన ‘కంచె’లో కూడా ఆమె ప్రేమకు అడ్డుపడేది కులమే. ఆ రెండింటిలో నాయకుడు తుపాకి పట్టిన సైనికుడు. ఘటక్ చిత్రంలో యుద్ధం ముగిసి ఏళ్లయింది, అది తెచ్చిన ఆకలీ, విభజన తెచ్చిన వలసా మాత్రం ముగియలేదు. యుద్ధ చిత్రాల జాబితాలో సువర్ణరేఖను సాధారణంగా చేర్చరు. చేర్చాలి.