ములాఖత్ పుట్టుపూర్వోత్తరములు

హైదరాబాదులోని చంచల్‌గూడ జైలు ద్వారముకడ ఏ ఉదయము నిలుచున్నను, ఉతికి మడిచిన బట్టలు చేతిసంచిలో పెట్టుకొని, ఆధార్ కార్డును కొంగుముడిని దాచుకొని, తన పేరు పిలుచువరకు నీడపట్టున కూర్చుండియుండు తల్లి యొకతె కనబడును. ఎందుకు వచ్చితివని అడిగినచో ఆమె ‘ములాఖత్‌కు వచ్చిన’ అని యొక్క మాటలో చెప్పును. ఎదురుపడుట యను అర్థముగల అరబ్బీ ధాతువునుండి పుట్టి, పారసీకము మీదుగా ఉర్దూలోనికిని, అందుండి మన నోటికిని వచ్చిన ఈ పదము ఉర్దూలో నేటికిని ఏ యిద్దరి కలయికకైనను చెల్లును. మిత్రులు చాయ్ త్రాగుటకు కలిసికొన్నను అది ములాఖాతే. తెలుగున మాత్రము ఆ విశాలార్థమంతయు కుంచించుకొనిపోయి, జైలులో జరుగు కలయికకే ఆ మాట మిగిలినది. చదువెరుగని వారి నోటను ఈ పరభాషాపదము తడబాటు లేక పలుకుట విన్నప్పుడు నా మనస్సు కలుక్కుమనును. అవసరము పడనిదే ఎవరును నేర్చుకొనని మాట యది.

మాట పరాయిదైనను విషయము మనకు మిక్కిలి ప్రాచీనము. అశోకవనమున బందీయైయున్న సీతను హనుమంతుడు చూచివచ్చుటయే మన సాహిత్యమున ములాఖత్‌కు ప్రథమోదాహరణమని నా తలంపు. ఉంగరమునిచ్చి చూడామణిని తెచ్చిన ఆ రాయబారమున, లోపలివారికిని బయటివారికిని ఒకరి గురుతు మరియొకరికి ఎంత ప్రాణాధారమో వాల్మీకి చూపినాడు. కౌటిల్యుడు సైతము బంధనాగారమున స్త్రీపురుషులకు వేర్వేరు తావులు విధించి, బందీల అన్నపానముల నడ్డగించిన అధికారికి 96 పణముల దండనము చెప్పినాడు.

కుంపిణీ దొరతనమున బంగాళా రాజధాని జైళ్లలో చాలకాలము దినభత్యము ఖైదీల చేతికే యిచ్చుచుండగా, వారు బజారు సరుకులు కొనుక్కొని ఎవరి వంట వారు వండుకొనుచుండిరి; నడుమ గోడ లేచినను లోపలికిని వెలుపలికిని రాకపోకలు తెగలేదు. మెకాలే ప్రేరణచే ఏర్పడి 1838లో నివేదిక సమర్పించిన జైలు క్రమశిక్షణ సంఘము ఈ సడలింపును గర్హించి, కాఠిన్యమునే శిక్షకు సారముగా నిలిపెను. 1894 నాటి కారాగారముల చట్టము 40వ సెక్షను, సివిలు ఖైదీలను, శిక్షపడని నేరారోపితులను చూడవచ్చువారిని తగిన వేళల, తగిన కట్టుబాట్లతో లోనికి రానీయవలెనని విధించెను. వచ్చినవారి పేరు, చిరునామా వ్రాసికొనుటయు, అనుమానము కలిగినచో సోదా చేయుటయు 41వ సెక్షనునుండి వచ్చినవే. ఆ సోదా ఖైదీల యెదుటగాని, ఇతర సందర్శకుల యెదుటగాని జరుగరాదని ఆ సెక్షనే చెప్పినదని, వరుసలో నిలుచున్న ఆడవారిలో ఎందరికి తెలియును? శిక్షపడినవారి సంగతిని మాత్రము ఆ చట్టము నియమములకు విడిచిపెట్టెను. అందుచేత వారికి ములాఖత్ సత్ప్రవర్తనకు బహుమానమై, తప్పు దొరకిన నాడు ఊడబెరుకదగిన వరమై పోయెను.

వరముగా ఇచ్చినదానిని అవమానముతో కలిపి ఇచ్చుట సులభము. 1932లో అలహాబాదు జైలులోనున్న, జవహర్లాల్ నెహ్రూ చెల్లెలి భర్తయగు రంజిత్ పండితుని చూడబోయిన నెహ్రూ తల్లి స్వరూపరాణిని, భార్య కమలను అచ్చటి జైలరు అవమానించి వెలుపలికి గెంటించెను. వేరొక జైలులో ఆ వార్త విన్న జవహర్లాలు, తన తల్లికిని భార్యకును మరల అట్టి గతి పట్టకుండుటకై ములాఖత్‌లనే వదలుకొని, దాదాపు ఏడు నెలలు అయినవారి ముఖము చూడకయే గడిపెను. శిక్షపడినది లోపలివానికే యైనను, సందర్శనపు గదిలో దానిని అనుభవించువారు ఇరువురనుటకు ఇంతకంటె సాక్ష్యము నాకు తోచదు.

ఆ వరము హక్కుగా మారుటకు మరియొక అర్ధశతాబ్దము పట్టెను. తీహారు జైలులో విచారణ లేక నిర్బంధింపబడిన ఒక విదేశీ మహిళ, తన ఐదేండ్ల కూతురిని నెలకొకమారు మాత్రమే చూడనిత్తురని మొరపెట్టుకొనగా, 1981లో సుప్రీంకోర్టు తరపున తీర్పు చెప్పిన జస్టిస్ భగవతి, అయినవారిని కలిసికొనుట రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని నిర్ణయించి, విచారణలోనున్న ఖైదీలకు వారమునకు రెండు ములాఖత్‌లుండగా ఆమెకు నెలకొకటి యనుట చెల్లదని కొట్టివేసెను.

2020లో కరోనా ఉపద్రవమున ద్వారములు మూతపడగా ములాఖత్ వీడియో తెరకెక్కెను. దూరపుటూళ్ల వారికి బస్సుఖర్చు తప్పినందుకు నేను సంతోషించితిని. అయినను ద్వారములు తెరచిన పిమ్మట నీడపట్టున ఆ తల్లులు మరల కనబడిరి. అద్దమున కీవలనుండి రిసీవరు చెవికానించుకొని మాటలాడు తల్లి, రెండవ చేతి వ్రేళ్లను అద్దమున కానించును; ఆవలనుండి కొడుకు సరిగా ఆ తావుననే తన వ్రేళ్లుంచును. సమయము ముగిసి ఫోను తెగిన తరువాతను, ఆమె పెదవులు కొంతసేపు కదలుచునే యుండును.