బొగ్గు సీమకు వెలుగు తీగ

సింగరేణి బొగ్గు సీమ చరిత్రను ఒక విధముగా దారుల చరిత్ర యని చెప్పవచ్చును. భూగర్భములో ఎంతటి నిధి యున్నను, దానిని వెలుపలికి చేర్చు మార్గము లేనంత కాలము అది ఎవరికిని అక్కరకు రాదు. నేడు రామగుండము, గోదావరిఖని పట్టణములలో ఇండ్లలోనికి ప్రవేశించుచున్న ఫైబర్ తీగ ఈ దారుల వరుసలో కడపటిది. దీనిని గురించి మాటలాడువారు సాధారణముగా రెండు విషయములే ముచ్చటింతురు: వేగమెంత, నెలకు చందా ఎంత. ఈ ప్రసంగములో మేము మూడవ ప్రశ్న నొకదానిని శ్రోతల ముందుంచ దలచినాము. ఆ దారి ఎవరిది? దానిపై నడచు హక్కు ఎందరికి కలదు?

1871లో డాక్టర్ విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు సమీపమున బొగ్గు నిక్షేపములను కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ గనుల హక్కులను సంపాదించినది. 1889లో తవ్వకము ఆరంభమైనది. సికిందరాబాదు నుండి సాగిన నిజాం రైలుమార్గము బెజవాడకు చేరినది కూడ ఆ సంవత్సరముననే. రైలుకు బొగ్గు కావలెను, బొగ్గుకు రైలు కావలెను. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1929లో కాజీపేట - బల్హార్షా మార్గము పూర్తి యగుటతో మద్రాసునకును ఢిల్లీకిని నేరుగా సంబంధము కలిగినది. రామగుండము ఆ మార్గముపై నున్న స్టేషను. 1945లో నిజాం ప్రభుత్వము కంపెనీ వాటాలలో అధిక భాగమును కొన్నది. నేడు ఆ సంస్థలో తెలంగాణ ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్ర ప్రభుత్వమునకు 49 శాతము వాటా కలదు. 1960 ప్రాంతమున గోదావరి ఒడ్డున గనులు తెరచినారు. నది పేరును గని పేరును కలిసి ఒక పట్టణమునకు పేరైనవి.

ఇందులో గమనింపదగిన విషయ మొకటి కలదు. బొగ్గు కొరకు అవసరమైన రైలుమార్గము బొగ్గునకు మాత్రమే పరిమితము కాలేదు. ధాన్యము, ఉత్తరములు, బాటసారులు అన్నియు ఆ పట్టాల మీదనే నడచినవి. తరువాత 1983లో రామగుండమున ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రపు మొదటి యూనిట్ పనిచేయుట ప్రారంభించగా, ఇక్కడ పుట్టిన విద్యుచ్ఛక్తి పెద్ద గోపురముల వంటి స్తంభములపై దూర ప్రాంతములకు ప్రవహించినది. ఆ పిమ్మట ఫైబర్ యుగము వచ్చినప్పుడు, దేశములో ఈ రెండు పాత దారులే దానికి ఆధారమైనవి. 2000లో స్థాపించిన రైల్‌టెల్ సంస్థ రైలు పట్టాల ప్రక్కన ఫైబర్ పరచినది. పవర్‌గ్రిడ్ సంస్థ తన స్తంభముల శిఖరమున పిడుగుల నుండి రక్షణకై కట్టు తీగ గర్భములోనే గాజు పోగులను ఇమిడ్చి, మిగిలిన సామర్థ్యమును ఇతర సంస్థలకు అద్దె కిచ్చినది.

ఈ గాజు పోగు సంగతి కొంచెము తెలిసికొనవలెను. వెండ్రుక వలె సన్నని గాజు పోగులో కాంతిని దూరముగా పంపవచ్చునని 1966లో చార్లెస్ కావ్, జార్జి హాకం అను శాస్త్రజ్ఞులు సిద్ధాంతీకరించినారు. గాజులోని మాలిన్యములే కాంతిని హరించుచున్నవి, వానిని తొలగించిన దారి సుగమ మగును అని వారి వాదము. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ అటువంటి పోగును చేసి చూపినది. కావ్‌కు 2009లో నోబెల్ బహుమానము లభించినది. పోగు మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మాత్రమే. రాగి తీగలో దూరము పెరిగిన కొలది సంకేతము క్షీణించును. టెలిఫోను ఎక్స్‌చేంజికి నాలుగైదు కిలోమీటర్ల దూరమున నున్న కాలనీకి రాగి తీగ మీద వేగవంతమైన ఇంటర్నెట్ చేరుట దుస్సాధ్యము. గాజు పోగునకు ఇరువది కిలోమీటర్లు లెక్క కాదు.

మన దేశములో 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోనికి తెచ్చినది. 1998 చివర ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించినది. లైసెన్సులను ఎ, బి, సి అని మూడు తరగతులు చేసినారు: మొదటిది దేశమంతటికి, రెండవది ఇంచుమించు ఒక రాష్ట్రమునకు, మూడవది ఇంచుమించు ఒక జిల్లాకు. అనగా జిల్లాలోని చిన్న వర్తకుడు కూడ ఈ రంగములోనికి రావలెనను ఉద్దేశము మొదటి నుండియు ఉన్నది. 2004లో ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండ్ అను మాటకు సెకనుకు 256 కిలోబిట్ల వేగమని నిర్వచన మిచ్చినది. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. తన టెలిఫోను తీగలపై ఆ సేవను ఆరంభించినది. నిర్వచనము 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగినది.

బొగ్గు సీమకు ఈ తీగతో ఇంత పని యేమి యని కొందరు అడుగవచ్చును. 1990 దశకపు తొలినాళ్లలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికు లుండిరి. యంత్రములు, ఓపెన్‌కాస్టు గనులు పెరిగిన పిదప వారి సంఖ్య సుమారు నలువది వేలకు దిగినది. తండ్రి గనిలో దిగినచో కుమారునికి కూడ అందులోనే చోటు దొరకు రోజులు అందరికిని లేవు. నేడు ఉద్యోగపు ప్రకటన చూచుట, దరఖాస్తు పంపుట, పరీక్షకు సిద్ధమగుట, ఒక్కొక్కప్పుడు ఉద్యోగమే చేయుట కూడ ఈ తీగ మీదనే జరుగుచున్నది. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి నిద్రించు తండ్రికిని, ప్రక్క గదిలో పాఠము వినుచున్న బిడ్డకును ఒకే క్వార్టరు. పాఠము మధ్యలో ఆగిపోయినచో నష్టపోవునది ఆ బిడ్డ.

ఇక పోటీ సంగతి. 2016 సెప్టెంబరులో జియో సంస్థ మొబైల్ రంగములో ప్రవేశించినది. 2019 సెప్టెంబరు 5వ తేదీన అదే సంస్థ ఇండ్లకు ఫైబర్ సేవను నెలకు 699 రూపాయల నుండి ఆరంభించినది. మరుసటి ఏట సెప్టెంబరులో ధరను 399 రూపాయలకు దించినది. కొద్ది వారములలోనే ఎయిర్‌టెల్ 499 రూపాయల పథకమును, బి.ఎస్.ఎన్.ఎల్. 449 రూపాయల పథకమును ప్రకటించినవి. పోటీ వలన గృహస్థునకు మేలు కలుగు ననుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అక్కరలేదు. 2021 నవంబరు నాటికి తీగ బ్రాడ్‌బ్యాండ్‌లో బి.ఎస్.ఎన్.ఎల్.ను జియో మించినది. ప్రభుత్వ సంస్థ ఏండ్ల తరబడి నిలుపుకొన్న ప్రథమ స్థానము రెండేండ్లు గడచునప్పటికి చేతులు మారినది. కాని పోటీకి మరియొక ముఖము కలదు. 2024 జూలైలో మూడు ప్రైవేటు మొబైల్ సంస్థలును ఒకటి రెండు రోజుల తేడాలో తమ ధరలను పెంచినవి. అంగడులు నాలుగైనను, మూడింట ధర ఒక్కసారిగా పెరిగినచో కొనువానికి మిగులు స్వేచ్ఛ స్వల్పమే.

ఈ విషయమున రేడియోకును ఫైబర్‌కును గల భేదము శ్రోతలు గుర్తింపవలెను. మా ప్రసారమును ఒక ఇంట విన్నను, వేయి ఇండ్ల విన్నను తరంగము తరుగదు. పొరుగువాడు సెట్టు తెరచినందున మన సెట్టులో స్వరము తగ్గదు. ఇండ్లకు వచ్చు ఫైబర్ పద్ధతి వేరు. వాడుకలో నున్న ఒక పద్ధతిలో ఎక్స్‌చేంజి నుండి వచ్చు ఒక పోగు సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల సమాచారమును తెచ్చును. వీధిలోని చిన్న పెట్టెలో ఆ కాంతిని చీల్చి 32 లేక 64 ఇండ్లకు పంచుదురు. పొలము కాలువ వంటిదే ఇది. అందరును ఒకేసారి మడవ తెరచినచో చివరి మడికి నీరు తగ్గును. ఆ మొదటి పోగునకు వెనుక సంస్థ ఎంత సామర్థ్యము కొని యుంచినదో దానిని బట్టి సాయంకాలపు వేగ ముండును. కనుక కాగితము మీది 100 మెగాబిట్ల అంకె యొక్కటే చాలదు.

ఇంతకంటె ముఖ్యమైనది తీగ నడచు దారి. బి.ఎస్.ఎన్.ఎల్., రైల్‌టెల్ వంటి ప్రభుత్వ సంస్థలు సైతము చివరి భాగమును పలు చోట్ల స్థానిక కేబుల్ ఆపరేటర్లతో ఆదాయము పంచుకొని నడుపుచున్నవి. వీధికి వచ్చు దారి ఒకరి చేతిలోనే యున్నచో పేర్లు మాత్రమే అనేకము. తీగ ఒక్కటే, తెగిన నాడు అన్నియు ఒకేసారి ఆగును. బొగ్గు సీమలో ఈ కష్టము రెట్టింపు. ఇక్కడ రోడ్డు ఒకరిది, కాలనీ స్థలము సింగరేణిది, టౌన్‌షిప్పు ఎన్.టి.పి.సి.ది, స్తంభము విద్యుత్ పంపిణీ సంస్థది, దాటవలసిన పట్టాలు రైల్వేది. ఒక వీధికి తీగ చేర్చుటకు ఎన్నో గుమ్మము లెక్కవలెను. పెద్ద సంస్థ ఆ శ్రమను భరింపగలదు. చిన్న సంస్థ మధ్యలోనే వెనుకకు మరలును. అంతేగాక ఓపెన్‌కాస్టు గని విస్తరించిన చోట ఊరే కదలును, రోడ్డే మారును. అటువంటి నేలలో తీగను పాతుటకంటె స్తంభమునకు వ్రేలాడదీయుటయే సులభమని తోచుట సహజము.

ఆ సులభ మార్గమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పెద్ద యెత్తున అనుసరించినది. విద్యుత్ స్తంభములపై సుమారు 23,000 కిలోమీటర్ల ఫైబర్ కట్టి, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టెలివిజన్, టెలిఫోన్ మూడును ఇచ్చు పథకమును 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ చేతుల మీదుగా జాతికి అంకితము చేయించినది. తెలంగాణ ప్రభుత్వము మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబర్ గొట్టములను వేయు మార్గము నెంచుకొన్నది. 2024 డిసెంబరులో ఈ టి-ఫైబర్ సేవ మొదలైన గ్రామములలో మన పెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూర్ ఒకటి. స్తంభపు దారి చౌక. కాని దాని అపాయము చిన్నది కాదు. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూరులో శోభాయాత్రలో విద్యుదాఘాతమునకు ఐదుగురు ప్రాణములు కోల్పోయినారు. పిదప విద్యుత్ సంస్థ స్తంభములపై తీగలను తొలగింపగా అనేక ఇండ్లలో ఇంటర్నెట్ నిలిచినది. వివాదము హైకోర్టుకు పోయినది. ప్రాణ రక్షణకును తీగ రక్షణకును పొత్తు కుదురవలె నన్నచో భూమిలో ఉమ్మడి గొట్టములే శరణ్యము. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టములో అట్టి ఉమ్మడి గొట్టములను అన్ని సంస్థలకును సమానముగా తెరచి యుంచవలెనను నిబంధన కలదు.

మా అభిప్రాయమున బొగ్గు సీమకు కావలసినది ఇదియే. సింగరేణి, ఎన్.టి.పి.సి., నగరపాలక సంస్థ, విద్యుత్ సంస్థ కలిసి, తమ క్రొత్త రోడ్డు వేయునప్పుడెల్ల ప్రక్కన ఒక ఖాళీ గొట్టమును పాతి, అద్దె చెల్లించు ఎవరికైనను ఇచ్చినచో చాలును. వీధికి నిజముగా రెండు మూడు దారు లేర్పడును. అప్పుడు ధరలు ఎవరి దయ మీదను ఆధారపడవు.

అంతవరకు గృహస్థులు చేయదగిన పనులు కొన్ని కలవు. సంవత్సరపు చందా ఒక్కసారిగా చెల్లించుటకు ముందు, అదే వీధిలో రాత్రి ఎనిమిది గంటల వేళ వేగ మెట్లున్నదో పొరుగువారి నడుగవలెను. తీగ తెగినచో అతికించువాడు గోదావరిఖనిలో నున్నాడా, మరియొక ఊరి నుండి రావలెనా యని విచారింపవలెను. పాత టెలిఫోనుకు ఎక్స్‌చేంజి నుండియే విద్యుత్తు వచ్చెడిది. ఫైబర్ పెట్టెకు ఇంటి విద్యుత్తు కావలెను గనుక చిన్న బ్యాటరీ ఒకటి అమర్చుకొనుట మంచిది. పెట్టెపై ఎఱ్ఱ దీపము వెలిగినచో కాంతి చేరుట లేదని అర్థము. ఫిర్యాదు చేయునప్పుడు ఆ మాట చెప్పి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనవలెను.

ఈ సీమ బొగ్గుతో రైళ్లు నడచినవి, దూరపు నగరములలో దీపములు వెలిగినవి. ఆ బొగ్గు త్రవ్విన వారి ఇండ్లకు వచ్చు వెలుగు తీగ సరసమైన ధరకు, తెగకుండ రావలెనని కోరుట గొంతెమ్మ కోరిక కాదు.